ఇంటిపేర్లుగా మారిన సినిమా పేర్లు

తెలుగు సినిమా రంగంలో ఒక నటుడికి గాని, రచయితకు గాని, నిర్మాతకు గాని తొలిసారి పెద్ద గుర్తింపు తెచ్చిపెట్టిన సినిమా పేరు అతని పేరుకు ముందు ఇంటిపేరులాగా స్థిరపడిపోవడం తరచు కనిపించే ఆచారం. షావుకారు జానకి, సాక్షి రంగారావు, శంకరాభరణం రాజ్యలక్ష్మి, శుభలేఖ సుధాకర్, సిరివెన్నెల సీతారామశాస్త్రి, ఆహుతి ప్రసాద్, అల్లరి నరేష్, దిల్ రాజు, వెన్నెల కిశోర్ మొదలైనవి ఇందుకు ఉదాహరణలు. ఈ పేర్లు ప్రభుత్వమో, సంస్థలో ఇచ్చిన బిరుదులు కావు. పత్రికలు, ప్రకటనలు, సినిమా టైటిళ్ళు, ప్రేక్షకుల వాడుక కలిసి వీటిని స్థిరపరచాయి. కొందరి విషయంలో అసలు ఇంటిపేరు ఏమిటో చాలామందికి తెలియనంతగా సినిమా పేరు ఆ స్థానాన్ని ఆక్రమించింది.

తొలి విజయం సినిమా వృత్తిని ఎలా మలుస్తుందో తెలుసుకోవడానికి ఈ పేర్లు మంచి ఆధారం. ఒకే రకమైన పేరు కొందరికి జీవితకాలపు పెట్టుబడి అయింది, మరికొందరికి దాటరాని గీత అయింది.

నేపథ్యం

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వస్తాయి. పాత తరం నటులలో పలువురిని ప్రేక్షకులు ఇంటిపేరుతోనే పిలిచేవారు. రేలంగి, గుమ్మడి, రాజనాల, ముక్కామల, ధూళిపాళ అనేవన్నీ ఇంటిపేర్లే. పేరుకు ముందు గుర్తింపు పదం ఉండటం భాషలో ముందే స్థిరపడిన పద్ధతి కనుక, ఆ స్థానంలోకి సినిమా పేరు సులువుగా వచ్చి చేరింది.

ఈ అలవాటుకు రంగస్థలంలోనూ పోలిక ఉంది. రక్తకన్నీరు నాటకాన్ని విస్తృతంగా ప్రదర్శించిన నాగభూషణం సినిమాల్లో పేరు పొందిన తరువాత కూడా రక్తకన్నీరు నాగభూషణంగానే ప్రసిద్ధుడు. కాకినాడ శ్యామల వంటి పేర్లలో ఊరు, జూనియర్ శ్రీరంజని వంటి పేర్లలో వరుస ఇదే పని చేశాయి. ఊర్వశి శారద పేరులోని మొదటి మాట మాత్రం సినిమా పేరు కాదు. అప్పట్లో జాతీయ ఉత్తమ నటికి ఇచ్చే పురస్కారం పేరు అది.

కారణాలు

ఒకే పేరు గలవారిని వేరు చేయడం: సాక్షి రంగారావు రంగప్రవేశం చేసేనాటికి ఎస్.వి.రంగారావు అగ్రశ్రేణి నటుడు. అల్లరి నరేష్ వచ్చేనాటికి నాలుగు స్తంభాలాట (1982) కథానాయకుడు నరేష్ ఇరవై ఏళ్ళుగా రంగంలో ఉన్నాడు. ప్రసాద్, రాజు, శ్రీను, రాజేష్, కిశోర్ వంటి పేర్లు రంగంలో ఎందరికో ఉన్నాయి. ముందు మాట లేకపోతే ఎవరి గురించి చెబుతున్నారో తెలియదు.

జ్ఞాపకం: సహాయ పాత్ర వేసిన నటుడి ముఖం ప్రేక్షకుడికి గుర్తుంటుంది గాని పేరు గుర్తుండదు. "ఆ సినిమాలో వేసినతను" అన్న మాటే కుదించుకొని పేరులో చేరుతుంది.

వ్యాపారం: విజయవంతమైన సినిమా పేరు ప్రకటనలో కనిపిస్తే దాని మంచిపేరు కొంత కొత్త సినిమాకు కూడా వస్తుందని నిర్మాతల ఆశ.

ఈ పేర్లను పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమౌతుంది. ఇవి ఎక్కువగా సహాయ నటులకు, హాస్యనటులకు, రచయితలకు, దర్శక నిర్మాతలకు వచ్చాయి. అగ్ర కథానాయకులకు సినిమా పేర్లకు బదులు నటసామ్రాట్, మెగాస్టార్ వంటి బిరుదులు వచ్చాయి. శుభలేఖ (1982) సినిమాలో కథానాయకుడు చిరంజీవి. సినిమా పేరు మాత్రం సుధాకర్‌కు దక్కింది. చిరంజీవికి మరణమృదంగం (1988) సినిమాతో మెగాస్టార్ అనే బిరుదు వచ్చింది. బిరుదు ఏ ఒక్క సినిమాకూ కట్టుబడదు. సినిమా పేరు మాత్రం వ్యక్తిని ఒక సంవత్సరానికి, ఒక పాత్రకు ముడివేస్తుంది. జానకి, నరేష్ వంటి నాయికానాయకులు ఈ సూత్రానికి మినహాయింపులు.

ముఖ్యమైన ఉదాహరణలు

షావుకారు జానకి

విజయా ప్రొడక్షన్స్ తొలి చిత్రం షావుకారు (1950). నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ఈ సినిమాకు ఎల్.వి.ప్రసాద్ దర్శకుడు, ఎన్.టి.రామారావు కథానాయకుడు. కథానాయిక సుబ్బులు పాత్రలో జానకి పరిచయమైంది. అప్పటికే ఆమెకు వివాహమై బిడ్డ ఉంది. రేడియో నాటకాల్లో పాల్గొన్న అనుభవం ఉంది. సినిమా విమర్శకుల మెప్పు పొందింది గాని ఆర్థికంగా గొప్ప విజయం సాధించలేదు. అంటే పేరు స్థిరపడటానికి వసూళ్ళు తప్పనిసరి కాదని ఈ మొదటి ఉదాహరణే చెబుతుంది.

జానకి తెలుగులో రోజులు మారాయి (1955), డాక్టర్ చక్రవర్తి (1964) మొదలైన చిత్రాల్లోను, తమిళంలో పుదియ పఱవై (1964), ఎదిర్ నీచ్చల్ (1968), ఇరు కోడుగళ్ (1969) మొదలైన చిత్రాల్లోను నటించింది. షావుకారు సినిమాను చూడని తమిళ ప్రేక్షకులకు కూడా ఈమె సౌకార్ జానకిగానే తెలుసు. అక్కడ ఆ మాట సినిమాను గుర్తుచేయదు, కేవలం ఆమె పేరులో భాగం. 2022లో ఈమెకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించినప్పుడు ప్రభుత్వ జాబితాలోనూ అదే పేరు ఉంది. అప్పటికి సినిమా విడుదలై 72 ఏళ్ళు.

సాక్షి రంగారావు

బాపు తొలిసారి దర్శకత్వం వహించిన సాక్షి (1967) సినిమాను గోదావరి ప్రాంతంలోని పులిదిండి గ్రామంలో చిత్రీకరించారు. ముళ్ళపూడి వెంకటరమణ రచన చేసిన ఈ సినిమాలో కృష్ణ, విజయనిర్మల ముఖ్యపాత్రధారులు. రంగవఝుల రంగారావుకు ఇది మొదటి చిత్రం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తూ నాటకాల్లో వేషాలు వేసిన రంగారావు ఈ సినిమా తరువాత దాదాపు నాలుగు దశాబ్దాల పాటు గ్రామీణ పాత్రలకు, హాస్య పాత్రలకు నమ్మకమైన నటుడుగా కొనసాగాడు. బాపు, కె.విశ్వనాథ్, వంశీ చిత్రాల్లో తరచు కనిపించాడు. 2005లో మరణించాడు. ఒక్క సినిమాతో తారస్థాయికి చేరడం కాక, ఒక్క సినిమాతో నిలకడైన పని సంపాదించుకోవడం ఈయన విషయంలో జరిగింది.

శంకరాభరణం రాజ్యలక్ష్మి

పూర్ణోదయా సంస్థ పేరున ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. కె.విశ్వనాథ్ దర్శకుడు. పెద్ద తారలు లేని ఈ సంగీత ప్రధాన చిత్రం తెలుగునాటనే కాక ఇతర రాష్ట్రాల్లోనూ ఆదరణ పొందింది. వినోదాత్మక జనరంజక చిత్రంగా జాతీయ పురస్కారంతో పాటు సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్, గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, గాయని వాణీ జయరాంలకు జాతీయ పురస్కారాలు లభించాయి.

ఇందులో శంకరశాస్త్రి కుమార్తె శారద పాత్ర రాజ్యలక్ష్మికి తొలి పాత్ర. తరువాత ఆమె తెలుగుతో పాటు ఇతర దక్షిణాది భాషల్లో కథానాయికగాను, అనంతరం తల్లి పాత్రల్లోను, టెలివిజన్ ధారావాహికల్లోను నటించింది. పాత్రల తీరు ఎన్నిసార్లు మారినా పేరు మారలేదు.

శుభలేఖ సుధాకర్

వరకట్న సమస్యపై కె.విశ్వనాథ్ తీసిన శుభలేఖలో తులసికి జంటగా నటించి సుధాకర్ గుర్తింపు పొందాడు. సుధాకర్ అనే పేరుతోనే మరో ప్రముఖ నటుడు ఉండటంతో ఈ పేరు మరింత అవసరమైంది. 1980లలో హాస్య, సహాయ పాత్రలు ధరించిన ఈయన తరువాత తమిళ, తెలుగు ధారావాహికల్లో పెద్దతరహా పాత్రలకు మారాడు. ఈయన భార్య గాయని ఎస్.పి.శైలజ.

సుత్తి జంట

ఇది సినిమా పేరు కాక, సినిమాలోని మాట ఇంటిపేరైన సందర్భం. జంధ్యాల దర్శకత్వం వహించిన నాలుగు స్తంభాలాటలో మామిడిపల్లి వీరభద్రరావు, కురుమద్దాలి లక్ష్మీనరసింహారావుల మధ్య నడిచే హాస్యం ఎంతో ప్రజాదరణ పొందింది. విసుగెత్తించే మాట అనే అర్థంలో సుత్తి అన్న పదం జనం నోట నానింది. ఇద్దరూ సుత్తి వీరభద్రరావు, సుత్తివేలుగా మారారు.

ఇటువంటి పేరు నటుణ్ణి హాస్యానికే పరిమితం చేస్తుందని అనుకోవడం సహజం. కాని టి.కృష్ణ దర్శకత్వంలో వచ్చిన ప్రతిఘటన (1985)లో మతి చలించిన కానిస్టేబులుగా సుత్తివేలు చూపిన నటన ఆ అభిప్రాయాన్ని మార్చింది. నవ్వించే పేరు గల నటుడు ఏడిపించగలడని రుజువైంది. వీరభద్రరావు 1988లో, వేలు 2012లో మరణించారు.

సిరివెన్నెల సీతారామశాస్త్రి

చెంబోలు సీతారామశాస్త్రి కాకినాడలో టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేస్తూ భరణి అనే కలం పేరుతో రచనలు చేసేవాడు. కె.విశ్వనాథ్ సిరివెన్నెల (1986) సినిమా పాటలన్నీ ఈయన చేత రాయించాడు. ఆ సినిమాకు, ఆ వెంటనే వచ్చిన శ్రుతిలయలు (1987), స్వర్ణకమలం (1988) సినిమాలకు వరుసగా మూడేళ్ళు నంది పురస్కారాలు పొందాడు.

ఈ పేరుకు ఒక ప్రత్యేకత ఉంది. సిరివెన్నెల అనేది సినిమా పేరే అయినా కలం పేరుగానూ చక్కగా అమరింది. సినిమా సంగతి తెలియనివారు దాన్ని కవి తానే ఎన్నుకున్న పేరనుకుంటారు. పైగా అది ఒక ధోరణికి కట్టుబడిన మాట కాదు. అందువల్ల సంప్రదాయ సంగీత చిత్రంతో పేరు పొందిన రచయిత శివ (1989), గాయం (1993), సింధూరం (1997) వంటి పూర్తిగా వేరైన చిత్రాలకు కూడా రాయగలిగాడు. 2019లో పద్మశ్రీ అందుకున్నాడు. 2021 నవంబరు 30న మరణించాడు. మరుసటి నెలలో విడుదలైన శ్యామ్ సింగరాయ్‌లో ఈయన రాసిన ఒక పాటకు సిరివెన్నెల అన్నదే పేరు.

ఆహుతి ప్రసాద్

కోడి రామకృష్ణ దర్శకత్వం వహించిన ఆహుతి (1987)లో నటించి అడుసుమిల్లి జనార్దన వరప్రసాద్ ఆహుతి ప్రసాద్ అయ్యాడు. ఆ తరువాత చాలాకాలం ప్రతినాయక, సహాయ పాత్రలే ఎక్కువగా వచ్చాయి. కృష్ణవంశీ దర్శకత్వంలో నిన్నే పెళ్ళాడతా (1996), చందమామ (2007) ఈయనకు మలుపులు. చందమామలో గోదావరి యాసతో మాట్లాడే తండ్రి పాత్ర తరువాత హాస్యం కలిసిన పెద్దమనిషి పాత్రలు వరుసగా వచ్చాయి. అంటే పేరు తెచ్చిన సినిమాకు, నటుడి మరో ముఖాన్ని చూపిన సినిమాకు మధ్య ఇరవై ఏళ్ళ దూరం ఉంది. 2015 జనవరి 4న మరణించాడు.

కళ్ళు చిదంబరం

గొల్లపూడి మారుతీరావు నాటకం ఆధారంగా ఛాయాగ్రాహకుడు ఎం.వి.రఘు దర్శకత్వం వహించిన చిత్రం కళ్ళు (1988). విశాఖపట్నం పోర్టు ఉద్యోగి, రంగస్థల నటుడు అయిన కొల్లూరు చిదంబరం ఇందులో నటించి కళ్ళు చిదంబరం అయ్యాడు. ఈయనకు మెల్లకన్ను ఉండటం వల్ల సినిమా పేరు ఆకారానికి కూడా అన్వయించింది. గంభీరమైన కథతో వచ్చిన పేరు తరువాతి సినిమాల్లో ఎక్కువగా హాస్యానికే ఉపయోగపడింది. 2015లో మరణించాడు.

అల్లరి నరేష్

దర్శకుడు ఇ.వి.వి.సత్యనారాయణ కుమారుడు ఈదర నరేష్ తొలి చిత్రం అల్లరి (2002). రవిబాబుకు దర్శకుడిగా అదే మొదటి చిత్రం. సినిమా పేరు నరేష్‌కు ఇంటిపేరు మాత్రమే కాక, అతని నుండి ప్రేక్షకులు ఆశించే వినోదానికి నిర్వచనం కూడా అయింది. సుడిగాడు (2012) వంటి పేరడీ చిత్రాలతో హాస్య కథానాయకుడిగా స్థిరపడ్డాడు. గమ్యం (2008)లో గాలి శీను పాత్ర, శంభో శివ శంభో (2010) ఇతనిలోని గంభీర నటుణ్ణి చూపించినా, ఆ దారిలో పూర్తిస్థాయి విజయం నాంది (2021)తో వచ్చింది. చేయని నేరానికి జైలు పాలైన యువకుడి పాత్ర అది. పేరులోని అల్లరికి, పాత్రలోని బాధకు ఉన్న దూరమే ఆ సినిమా పట్ల ఆసక్తికి ఒక కారణమైంది.

దిల్ రాజు, బొమ్మరిల్లు భాస్కర్

పంపిణీదారుగా ఉన్న వెలమకుచ వెంకట రమణారెడ్డి నిర్మాతగా తీసిన తొలి చిత్రం దిల్ (2003). వి.వి.వినాయక్ దర్శకత్వం వహించిన ఈ సినిమా విజయంతో ఈయన దిల్ రాజు అయ్యాడు. నిర్మాతకు ఇటువంటి పేరు రావడం అరుదు. తెరపై కనిపించని నిర్మాతను ప్రేక్షకులు పేరుతో గుర్తుపట్టడానికి ఇది తోడ్పడింది. ఈయన ఆర్య (2004)తో సుకుమార్‌ను, భద్ర (2005)తో బోయపాటి శ్రీనును, బొమ్మరిల్లు (2006)తో భాస్కర్‌ను దర్శకులుగా పరిచయం చేశాడు.

వీరిలో భాస్కర్‌కు మాత్రమే సినిమా పేరు ఇంటిపేరైంది. తండ్రీకొడుకుల సంబంధాన్ని ఇతివృత్తంగా తీసుకున్న బొమ్మరిల్లు పెద్ద విజయం సాధించింది. తరువాత భాస్కర్ తీసిన పరుగు (2008), ఆరెంజ్ (2010), ఒంగోలు గిత్త (2013), మోస్ట్ ఎలిజిబుల్ బ్యాచిలర్ (2021), జాక్ (2025) చిత్రాలకు ఆ తొలి సినిమాతో పోలిక తప్పలేదు. దర్శకుడి పేరులోనే కొలబద్ద ఉన్నప్పుడు ప్రతి కొత్త సినిమాను దానితోనే కొలుస్తారు. ఆరెంజ్ విడుదలైనప్పుడు పరాజయం పొంది, తరువాతి తరం ప్రేక్షకుల ఆదరణ పొందడం గమనించదగినది.

వెన్నెల కిశోర్

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల కథతో దేవ కట్టా తీసిన చిత్రం వెన్నెల (2005). అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కిశోర్ ఇందులో ఖాదర్ పాత్రతో హాస్యనటుడిగా పరిచయమయ్యాడు. దూకుడు (2011) తరువాత అవకాశాలు బాగా పెరిగాయి. 2012లో తానే దర్శకుడై తీసిన సినిమాకు వెన్నెల 1½ అని పేరు పెట్టాడు.

సినిమా పేరు ఇంటిపేరు కానివారు

తొలి విజయం ప్రభావం పేరులో కనిపించకుండా కూడా ఉండవచ్చు. శంకరాభరణంలో శంకరశాస్త్రి పాత్ర ధరించిన జె.వి.సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టరు, కన్యాశుల్కం నాటకంలో రామప్ప పంతులుగా పేరు పొందిన రంగస్థల నటుడు. యాభై ఏళ్ళ వయసులో ఒక్క పాత్రతో దేశమంతటా తెలిసిపోయాడు. సినిమా పేరు అతని పేరుకు తగిలించలేదు గాని, ఆ పాత్ర నీడ వదలలేదు. వంశవృక్షం (1980), సప్తపది (1981), త్యాగయ్య (1981) చిత్రాల్లో వచ్చినవన్నీ పండితుల, భక్తుల, ఆచారపరాయణుల పాత్రలే. రంగస్థలంపై రామప్ప పంతులు వంటి జిత్తులమారిని మెప్పించిన నటుడికి సినిమాల్లో అటువంటి వైవిధ్యం తక్కువగా దొరికింది. 2004లో మరణించాడు.

అదే సినిమాలో తులసి పాత్ర ధరించిన మంజుభార్గవి అంతకుముందు సినిమాల్లో ఎక్కువగా నృత్య సన్నివేశాలకే పరిమితమైన నటి. వెంపటి చినసత్యం శిష్యురాలైన ఈమెకు శంకరాభరణం గౌరవప్రదమైన గుర్తింపునిచ్చింది. తరువాత ఈమె సినిమాలు తగ్గించి కూచిపూడి నృత్య ప్రదర్శనలపైన, బెంగళూరులో నాట్య శిక్షణపైన దృష్టి పెట్టింది. ఒకే విజయం సోమయాజులును సినిమాల్లోకి తెచ్చింది, మంజుభార్గవిని నాట్యం వైపు మళ్ళించింది, రాజ్యలక్ష్మికి పేరై నిలిచింది.

తమిళంలో

తమిళ సినిమా రంగంలోనూ ఈ ఆచారం బలంగా ఉంది. వెన్నిర ఆడై (1965) సినిమాతో వెన్నిర ఆడై నిర్మల, వెన్నిర ఆడై మూర్తి ప్రసిద్ధులయ్యారు. అదే సినిమాతో తమిళంలో కథానాయికగా పరిచయమైన జయలలితకు ఆ పేరు అంటలేదు. నిళల్‌గళ్ (1980) సినిమాతో నిళల్‌గళ్ రవి పేరు వచ్చింది.

తేజ దర్శకత్వంలో తెలుగులో విజయం సాధించిన జయం (2002) సినిమాను 2003లో తమిళంలో పునర్నిర్మించారు. ఎడిటర్ మోహన్ కుమారులలో రాజా దానికి దర్శకుడు, రవి కథానాయకుడు. తెలుగు మాతృకలో నటించిన నితిన్‌కు గాని, దర్శకుడు తేజకు గాని ఆ పేరు రాలేదు. తమిళంలో మాత్రం అన్నదమ్ములిద్దరికీ జయం ఇంటిపేరైంది. రాజా తరువాత మోహన్ రాజాగా పేరు మార్చుకున్నాడు. రవి 2025 జనవరిలో ఇకపై తనను రవి మోహన్ అని పిలవాలని ప్రకటించాడు. రెండు సందర్భాల్లోనూ సినిమా పేరు స్థానంలోకి తండ్రి పేరు వచ్చింది.

వృత్తిపై ప్రభావం

పై ఉదాహరణల నుండి కొన్ని సాధారణ అంశాలు తెలుస్తాయి.

* సినిమా పేరు అవకాశాలకు తలుపు తెరుస్తుంది. సహాయ నటులకు ఇది దీర్ఘకాలిక ఉపాధికి ఆధారమైంది.
* పేరుకు ఉన్న అర్థం ముఖ్యం. సిరివెన్నెల వంటి విశాలమైన మాట ఎటువంటి రచనకైనా సరిపోతుంది. అల్లరి, సుత్తి వంటి మాటలు ఒక రసాన్ని ముందే ప్రకటిస్తాయి. దాన్ని దాటడానికి నటుడు ప్రత్యేకంగా శ్రమించవలసి వస్తుంది.
* నటులకంటే దర్శకులకు ఈ పేరు బరువు. నటుడు ఏటా అనేక చిత్రాల్లో నటించి తొలి గుర్తింపును పలుచన చేయగలడు. కొద్ది సినిమాలు మాత్రమే తీసే దర్శకుడికి ఆ వీలు తక్కువ.
* కాలం గడిచేకొద్దీ సినిమా మరుగున పడి, పేరు మాత్రం మిగులుతుంది. అప్పటికి అది విజయ చిహ్నంగా కాక మామూలు ఇంటిపేరుగానే వినిపిస్తుంది.

మరికొన్ని పేర్లు

* చిత్రం శ్రీను - చిత్రం (2000), దర్శకుడు తేజ
* సత్యం రాజేష్ - సత్యం (2003), దర్శకుడు సూర్యకిరణ్
* రంగస్థలం మహేష్ - రంగస్థలం (2018), దర్శకుడు సుకుమార్

ఇవి కూడా చూడండి

* తెలుగు ఇంటిపేర్లు
* తెలుగు సినిమా నటుల బిరుదులు
* శంకరాభరణం (సినిమా)
* కె.విశ్వనాథ్